అబ్బ జీపు: బాగుచేయాలా, నడపాలా, అమ్మాలా?

ఈ ఎపిసోడ్ ఒక జీపు గురించి. 1987 మోడల్, డీజిల్. మా అబ్బది. మా వైపు, అంటే కర్నూలు, కడప వైపు చాలా ఇళ్లల్లో తాతని అబ్బ అంటాం, నాయనమ్మని జేజి అంటాం. అబ్బ పోయాక ఆ బండి మా పశువుల కొట్టం పక్కన రేకుల కింద నిలబడిపోయింది. పోయినేడు ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. దాన్ని కొత్తదానిలాగా చేసి దాచుకుందామా, ఉన్నది ఉన్నట్టు నడుపుకుందామా, లేక అమ్మేద్దామా? ఏం చేశామో చివర్లో చెప్తాను. దానికి ముందు, అసలు ఈ జీపు అనే వస్తువు మన సీమకి ఎలా వచ్చింది, ఇన్నేళ్లు ఎలా బతికింది అనేది తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ చరిత్ర తెలిసినాకే మాకు కూడా ఏం చేయాలో అర్థమైంది.

ముందు అహోబిలం పోదాం.

ఆళ్లగడ్డ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. దిగువ అహోబిలం ఒకటి, అక్కడి నుంచి 8 కిలోమీటర్లు పైకి పోతే ఎగువ అహోబిలం. నవ నారసింహుల్లో చాలామంది దగ్గరికి నడిచి పోవచ్చు, కొన్ని చోట్లకి కారు పోతుంది. కానీ పావన నరసింహస్వామి గుడి నల్లమల అడవి లోపల ఉంటుంది. అక్కడికి నడిచైనా పోవాలి, జీపైనా ఎక్కాలి. మీ ఫోన్‌లో ఆ రూట్ వీడియోలు చూసే ఉంటారు. బండ్లు, గుంతలు, వాగు దారులు, లోపల కూర్చున్నోళ్లు అటూ ఇటూ తలలు కొట్టుకుంటూ నవ్వుతూ ఉంటారు. కొత్త కారు అక్కడ కింద తగిలి ఆగిపోతుంది. పాత జీపు మాత్రం ముక్కుకుంటూ మూలుక్కుంటూ పోతుంది.

ఇక్కడే నాకు మొదటి ప్రశ్న వచ్చింది. దేశమంతా పాత జీపుల్ని షో కోసం పెట్టుకుంటుంటే, అహోబిలంలో అవి ఇంకా పని ఎట్లా చేస్తున్నాయి?

జవాబు కోసం 1940కి పోవాలి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అమెరికా సైన్యానికి చిన్నది, తేలికైనది, నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి ఒకటి కావాలి. నమూనా బండి ఇవ్వడానికి కంపెనీలకి ఇచ్చిన గడువు 49 రోజులు! బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులో బండి తెచ్చి చూపించింది. కానీ పెద్ద సంఖ్యలో తయారుచేసే స్తోమత దానికి లేదు. దాంతో ఎక్కువ ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకి పోయాయి. యుద్ధం అయిపోయేసరికి ఆ రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఈ బండిని అందం కోసం గీయలేదు. యుద్ధంలో చెడిపోతే, చెట్టు కింద, ఒక స్పానర్ల మూటతో, సగం చదువుకున్న సిపాయి బాగుచేసుకోవాలి. అందుకే కింద ఇనుప చాసిస్, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ. ఏ ముక్క పాడైతే ఆ ముక్క విప్పి వేరేది పెట్టొచ్చు. కింద కమాన్ కట్టలు, అంటే ఎద్దుల బండి తోలినోడికి కూడా అర్థమయ్యే సస్పెన్షన్. అద్దం ముందుకి మడిచి బోనెట్ మీద పడుకోబెట్టొచ్చు. తలుపులు లేవు, అందుకని తలుపులు పాడవడమూ లేదు.

యుద్ధం కోసం చేసిన ఈ లక్షణమే తర్వాత మన పల్లెటూరి మెకానిక్ షెడ్డుకి వరమైంది.

ఇండియాకి రావడం కూడా మంచి కథే. 1945లో ఇద్దరు అన్నదమ్ములు జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా, వాళ్లతో పాటు మాలిక్ గులాం మొహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారం పెట్టారు. కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశ విభజన జరిగింది. గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ 1940ల చివర్లోనే బొంబాయిలో విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలైంది. మొదట్లో వచ్చినవి చాలావరకు ఎడమచేతి స్టీరింగ్ బండ్లు. వెనకాల లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అని పెద్ద అక్షరాలతో రాసుకుని తిరిగేవి. పాత ఫోటోల్లో మీరు చూసే ఉంటారు.

1953లో విల్లీస్ కంపెనీ సీజే-3బీ అనే మోడల్ తెచ్చింది. కొత్త ఇంజిన్ కొంచెం పొడుగు, పాత బోనెట్ కింద పట్టలేదు. ఏం చేశారు? బోనెట్‌ని పైకి లేపేశారు. అంతే! అందుకే మన పాత జీపులకి ఆ ఎత్తు ముక్కు. అమెరికాలో ఈ మోడల్ 1968లో ఆగిపోయింది. ఇండియాలో మాత్రం అదే ముఖం, అదే నడుము, ఇంజిన్లు మారుస్తూ దశాబ్దాల పాటు వస్తూనే ఉంది. పుట్టింట్లో మరిచిపోయిన బిడ్డని అత్తింటోళ్లు సాకినట్టు అనుకోండి.

సరే, సీమలోకి ఎట్లా వచ్చింది?

1953 అక్టోబర్ 1. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని. ఆఫీసులకి కట్టడాలు చాలక గుడారాల్లో పనిచేశారని మీ పెద్దోళ్లు చెప్పే ఉంటారు. దానికి దాదాపు ఏడాది ముందు, 1952 అక్టోబర్ 2న దేశంలో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. ఊళ్లని బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకుకి ఒక అధికారిని పెట్టారు. ఆయన తిరగడానికి జీపు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. అప్పటి నుంచి జనం నోట్లో అది సమితి జీపు. చాలా ఊళ్లకి ప్రభుత్వం అంటే మొదట కనపడిన ముఖం ఆ జీపు ముఖమే. దుమ్ము లేచిందంటే ఎవరో వస్తున్నారు అని. కరువు పనులు రాసుకునేవాడా, శిస్తు వసూలుకి వచ్చేవాడా, టీకాలు వేసేవాడా, దగ్గరికి వచ్చేదాకా తెలీదు.

1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మండలాలు పెట్టింది. సమితులు పోయాయి. జీపు మాత్రం పోలేదు. సమితి జీపు కాస్తా ఎమ్మార్వో జీపు, ఎండీవో జీపు అయింది.

ఇక ప్రైవేటు జీపులు. సీమలో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య దూరం ఎక్కువ, బస్సులు తక్కువ. ఆ ఖాళీలోకి సర్వీసు జీపు వచ్చింది. ముందు నలుగురు, వెనక పదిమంది, వెనక కమ్మీ పట్టుకుని ఇంకో నలుగురు. పెళ్లికీ అదే, పురుడుకీ అదే, శనక్కాయల మూటలకీ అదే. మా అబ్బ కూడా 1987లో ఈ లెక్కతోనే కొన్నాడు. పెట్రోల్ బండి మేపలేక జనం డీజిల్ వైపు తిరిగిన కాలం అది. 1980ల మధ్యలో మహీంద్రా వాళ్ల ఎంఎం 540 వచ్చింది, అందులో ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజిన్, 2.1 లీటర్లు. మా బండి అదే. స్పీడు ఏమీ ఉండదు. కానీ లో గేర్‌లో వేస్తే గోడ ఎక్కుతుంది అనేవాడు అబ్బ.

ఆ తర్వాత 1994లో టాటా సుమో వచ్చింది, 2000లో బొలెరో వచ్చింది. ఏసీ, తలుపులు, మెత్తని సీట్లు. సినిమాల్లో కూడా సీమ అంటే జీపులు పోయి సుమోలు గాల్లోకి లేవడం మొదలైంది. నిజం జీపులు మెల్లిగా చెట్ల కిందికి చేరాయి.

ఇదీ చరిత్ర. ఇప్పుడు మా ఇంటి మూడు ప్రశ్నలకి వద్దాం.

మొదటిది: బాగుచేసి దాచుకోవడం.

ఇది నా కోరిక. ఇన్‌స్టాలో చూసి చూసి, నిగనిగలాడే పెయింట్ వేయించి, ఇంటి ముందు పెట్టుకోవాలని. దీనికి మన తెలుగు నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి పోతే, అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనపడుతుంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డర్ ఇచ్చిన బండి. లోపల సింహాసనం లాంటి సీటు. కానీ ఆయన 1911లోనే పోయారు. తర్వాత ఏడో నిజాం దాన్ని వేడుకలకి తప్ప బయటికి తీసింది చాలా తక్కువ. దశాబ్దాలు మూలన పడి, మళ్లీ బాగుచేయించుకుని ఇప్పుడు అద్దంలా మెరుస్తోంది.

చూడటానికి బ్రహ్మాండం. కానీ ఆలోచించండి. ఆ బండి విలువ అది తిరగకపోవడంలో ఉంది. మా జీపు విలువ అది తిరగడంలో ఉంది. దాని ఎడమ వైపు సొట్ట మా అత్త పెళ్లి రోజు రాయికి తగిలింది. డ్రైవర్ సీటు పక్క కమ్మీ అబ్బ చేయి పట్టి పట్టి నున్నగా అయిపోయింది. టింకరింగ్ చేసి, పుట్టీ పెట్టి, పెయింట్ కొడితే ముందు పోయేవి ఇవే. బండి కొత్తదవుతుంది, కానీ మాది కాకుండా పోతుంది.

ఇంకో సంగతి, చట్టం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని టూవీలర్లు, కార్లకి నెంబర్‌లో వీఏ అనే అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5 వేలు. కానీ ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, డీజిల్ పోయించడం, ఇట్లాంటి వాటికే. మా 1987 బండికి 50 నిండేది 2037లో. కాబట్టి ఇప్పటికి అది వింటేజ్ కాదు, ఉత్త ముసలి బండి.

రెండోది: ఉన్నది ఉన్నట్టు నడుపుకోవడం.

నాకు ఇక్కడ మళ్లీ అహోబిలమే గుర్తొచ్చింది. సంక్రాంతి అయిపోగానే అక్కడ పారువేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకీలో కొండ దిగి, సుమారు 40 రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. ఏ ఊరికి ఏ రోజు రావాలో తరతరాలుగా లెక్క ఉంది. బోయీలు మారతారు, ఊళ్లు మారిపోయాయి, మట్టి దారులు తారు రోడ్లయ్యాయి. కానీ పల్లకీ కదలడం ఆగలేదు. కదులుతోంది కాబట్టే ఆ ఊళ్లోళ్లకి అది మాది అనిపిస్తుంది. పాత వస్తువు బతకడమంటే అద్దాల పెట్టెలో ఉండటం ఒక్కటే కాదు, పనిలో ఉండటం కూడా.

పావన నరసింహుడి దారిలో జీపుల సంగతీ అంతే. బతికున్నాయి, ఎందుకంటే అక్కడ వాటికి పని ఉంది.

కానీ నడపాలంటే భక్తి చాలదు, కాగితాలు కావాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఆర్టీవో ఆఫీసులో బండి చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5 వేలు అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకి 10 వేలు చేశారు. దాని మీద గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరే. మర్చిపోతే, ఆలస్యానికి నెలకి 500. మా జీపు రెన్యువల్ 2022లోనే అయిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్లకి ఆలస్యం ఫీజే 18 వేలు, లెక్కేసుకోండి!

ఇంకా పెద్ద చిక్కు, ఆర్సీ అబ్బ పేరు మీదే ఉంది. ఇది మీలో చాలామంది ఇళ్లల్లో ఉండే సమస్యే. ఓనరు చనిపోతే 30 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, 3 నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరుకి మార్పించుకోవాలి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. మేం అది కూడా చేయలేదు.

మూడోది: అమ్మడం.

ఇది నాయన మాట. ఎందుకంటే మాకు మూడెకరాల చీనీ తోట ఉంది. ఉన్న బోరు వట్టిపోయింది. చెట్లు ఆకు ముడుచుకున్నాయి. కొత్త బోరు వేయాలంటే డబ్బు కావాలి. కొట్టంలో బండి ఊరకే ఉంది.

సరిగ్గా అప్పుడే బయటి ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, చాసిస్ కింద సుత్తితో కొట్టి చూసి, మంచి రేటే చెప్పాడు. ఏం చేస్తావన్నా అని అడిగితే, బాడీ కోసేసి, వెడల్పు టైర్లు వేసి, వేరే ఇంజిన్ పెట్టి మోడిఫైడ్ జీపు చేస్తానన్నాడు. హర్యానాలో మండి డబ్వాలీ అనే ఊరు ఇట్లాంటి జీపులకే ఫేమస్. కాగితాలు లేకపోయినా పర్లేదు, నేను చూసుకుంటా అన్నాడు.

ఫ్రెండ్స్, ఈ మాట వినగానే జాగ్రత్త పడాలి. రెండు కారణాలు. ఒకటి, కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఇంజిన్ మార్చాలన్నా ఆర్టీవో అనుమతి కావాలి. రెండోది ఇంకా ముఖ్యం. బండి చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో ఉన్నోళ్ల మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మన ఇంటి పేరుతో ఎవడో ఎక్కడో గుద్దితే, నోటీసు మన గుమ్మానికి వస్తుంది.

ఇనుము కింద అమ్మేసే దారి కూడా ఉంది. ప్రభుత్వం గుర్తించిన స్క్రాప్ సెంటర్‌లో ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త బండి కొంటే రోడ్ ట్యాక్స్‌లో రాయితీ. ప్రభుత్వ బండ్లకైతే ఇంకో దారే లేదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు. సమితి జీపు కథ అట్లా ముగిసింది. పాత ఆఫీసుల వెనక కంపచెట్ల మధ్య తుప్పు పట్టిన బాడీలు ఎక్కడైనా కనపడితే, ఒక్క ఫోటో తీసి పెట్టుకోండి. రేపు ఉండవు.

సరే, మేం ఏం చేశాం?

నెల రోజులు ఇంట్లో గొడవ. నేను దాచుకుందాం అంటాను, నాయన అమ్ముదాం అంటాడు. ఒక రాత్రి అన్నం తినేటప్పుడు జేజి నోరు తెరిచింది. "జీపు తెచ్చిందీ ఆయనే, చెట్లు పెట్టిందీ ఆయనే. జీపేమన్నా ఆకలంటాందా? నీళ్లడిగేది చెట్లే కదరా" అంది.

నా దగ్గర జవాబు లేదు. అబ్బ జ్ఞాపకం అంటే నేను జీపు ఒక్కటే అనుకున్నాను. ఆ చీనీ చెట్లు కూడా ఆయన చేత్తో నాటినవే అని నాకు తట్టలేదు.

కానీ ఎవరికి అమ్మాలి, ఎట్లా అమ్మాలి అనే దాంట్లో నా మాట నెగ్గింది. ముందు ఆర్సీ నాయన పేరు మీదికి మార్పించాం. మెకానిక్ రిపేర్ల చిట్టా రాస్తే దాన్ని రెండుగా విడగొట్టాం. బ్రేకులు, స్టీరింగ్ ఆట, వైరింగ్, ఇవి ప్రాణం సంగతి, చేయించాం. పెయింటు, సీట్లు, అలాయ్ చక్రాలు, ఇవి సోకు సంగతి, వదిలేశాం. ఇన్సూరెన్స్ కట్టాం. ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి రెన్యువల్ చేయించాం. కాగితాలు చేతికొచ్చాక అదే బండికి అడిగేవాళ్లు పెరిగారు. మీరు బాగుచేసినా, నడిపినా, అమ్మినా, మొదటి అడుగు మాత్రం ఒకటే: కాగితాలు.

చివరికి నల్లమల అంచున పొలం ఉన్న ఒక రైతుకి ఇచ్చాం. ఆయన పొలానికి వాగు దాటి పోవాలి, ట్రాక్టర్ తప్ప ఏదీ పోదు. కోసే ఆయన చెప్పిన రేటు కంటే కొంచెం తక్కువే ఇచ్చాడు. ఎంత అనేది చెప్పొద్దని నాయన ఆర్డర్. పేరు మార్పిడి అయ్యాకే తాళాలు ఇచ్చాం.

ఇచ్చే ముందు ఒక ఆదివారం నేను, నాయన, జేజి ముగ్గురం అందులో అహోబిలం పోయి వచ్చాం. జేజి ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఆ నున్నటి కమ్మీ వదల్లేదు. వచ్చేటప్పుడు ఆళ్లగడ్డలో టీ తాగాం. ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు.

బోరు వేశాం. రెండించుల నీళ్లు పడ్డాయి. తోటలో కొన్ని చెట్లు అప్పటికే పోయాయి, మిగతావి చిగురేశాయి. పోయిన నెల ఆ రైతు వీడియో పంపించాడు. జీపు వాగులో సగం మునిగి, పొగ కక్కుతూ, అవతలి గట్టు ఎక్కుతోంది. ఎడమ వైపు సొట్ట అట్లాగే ఉంది.

నాకు బాధ లేదని చెప్పను. కానీ రేకుల కింద నిలబడి ఉన్నప్పటి కంటే, ఆ వాగులోనే అది అబ్బ జీపులాగా కనపడింది.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పాత బండి ఉంటే, అది జీపైనా, అంబాసిడరైనా, నాన్న నడిపిన లూనా అయినా సరే, ఈ రోజే ఒక పని చేయండి. ఆర్సీ తీసి ఎవరి పేరు మీద ఉందో, ఎప్పటిదాకా చెల్లుతుందో చూడండి. తర్వాత ఇంట్లో పెద్దోళ్లని కూర్చోబెట్టి దాని కథ అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. బండిని ఏం చేయాలనేది ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.